గింజ పోసే ముందు ఒకరోజు నీళ్ళతో
(డాలస్ పరిసరాల్లో ఇంట్లో బీరు చేసుకోవడం మొదలుపెడుతున్న తెలుగువారి కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినపడుతోందా? సరే.

కొత్త కుక్కర్ కొన్నరోజు మన ఇళ్ళలో ఎవరూ నేరుగా పప్పు పెట్టరు. ఉత్త నీళ్ళు పోసి ఒక విజిల్ రానిస్తారు, గాస్కెట్ పక్కనుంచి ఆవిరి కారుతోందేమో చూస్తారు, ఆ నీళ్ళు పారబోస్తారు. కొత్త మట్టికుండ తెస్తే నానబెట్టి, గంజి కాచిగాని కూర వండరు. అలాంటిది మూడు పెద్ద గిన్నెలు, పంపు, చిల్లర్ (మరిగినదాన్ని చల్లార్చే గొట్టం చుట్ట), 240 వోల్టుల హీటర్ ఉన్న బ్రూయింగ్ (బీరు చేసే) సెటప్‌లో మాత్రం చాలామంది పెట్టెలు విప్పిన రోజునే 5 కిలోల మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ గింజ) పోసేస్తారు. మధ్యాహ్నానికి గరాజ్ నేల జిగటజిగట, కెటిల్లో, అంటే మరగబెట్టే గిన్నెలో, అనుకున్నదాంట్లో ముప్పాతిక.

ఇవాళ మాట్లాడేది ఆ నీళ్ళ రోజు గురించే. దాని పని ‘అంతా నడుస్తోందా లేదా’ చూసుకోవడంతో అయిపోదు. మీ సామానుకి కొన్ని సొంత అంకెలుంటాయి. రెసిపీలో రాసి ఉన్న అంకెలు ఇంకొకరి గిన్నెవి. మీవి ఏమిటో నీళ్ళు మాత్రమే చెబుతాయి. పైగా ఉత్తినే చెబుతాయి.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. తెలుగులో ‘కాయడం’ అనగానే సారా గుర్తొస్తుంది, అందుకే నేను బ్రూయింగ్ అనే అంటాను. అమెరికాలో ఇంటి అవసరానికి బీరు చేసుకోవడానికి ఫెడరల్ పన్ను మినహాయింపు 1978 అక్టోబర్‌లో కార్టర్ సంతకంతో వచ్చింది. పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకు మించీ ఉంటే 200. అమ్మకూడదు. ఇంట్లో బట్టీ పెట్టి సారా దించడానికి ఈ మినహాయింపు వర్తించదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉన్న తమ్ముడికి ఈ సామాను పంపాలనే ఉబలాటం ఉంటే ఆపుకోండి. అక్కడ లైసెన్స్ లేకుండా బీరు చేయడం కూడా ఎక్సైజ్ చట్టం కింద నేరం.

బ్రూ రోజు పని క్లుప్తంగా ఇది: మాల్ట్‌ని మ్యాష్ టన్ అనే పాత్రలో వేడినీళ్ళతో నానబెడతాం. దాన్నుంచి దిగే తియ్యటి రసం వర్ట్. దాన్ని హాప్స్ అనే చేదు పూలతో కెటిల్లో మరిగించి, చిల్లర్‌తో చల్లార్చి, ఈస్ట్ కలిపి ఫెర్మెంటర్ అనే పాత్రలో పులియబెడతాం. ఉదాహరణకి ఒక మామూలు సెటప్ అనుకుందాం. 19 లీటర్ల బ్యాచ్, అంటే 5 గ్యాలన్లు. 10 గ్యాలన్ల స్టీలు కెటిల్, అందులో 5500 వాట్ల హీటర్ ఎలిమెంట్. 10 గ్యాలన్ల కూలర్‌తో (వేడీ చల్లనా నిలిపే మూత డబ్బాతో) చేసిన మ్యాష్ టన్. ఒక మ్యాగ్నెటిక్ డ్రైవ్ పంపు, 50 అడుగుల రాగి ఇమర్షన్ చిల్లర్. నేను లీటర్లు, సెల్సియస్ వాడతాను. కారణం ఒకటే: లీటరు నీళ్ళు ఒక కిలో. బాత్రూమ్‌లో ఉన్న తూకం చాలు, కొలగిన్నెలు కొనక్కర్లేదు.

ముందు కడగడం. కొత్త స్టీలు గిన్నె మెరుస్తూ కనిపిస్తుంది గానీ లోపల పాలిష్ మడ్డి, మెషిన్ ఆయిల్ ఉంటాయి. తెల్లటి పేపర్ టవల్ గట్టిగా రుద్దండి, బూడిదరంగు మరక వస్తుంది. గ్యాలన్‌కి ఒక ఔన్స్ పీబీడబ్ల్యూ (బ్రూయింగ్ సామాను కడిగే పొడి) వేసి 60 డిగ్రీల వేడి నీళ్ళలో అరగంట నాననిచ్చి, తోమి, కడగండి. టవల్ తెల్లగా వచ్చేదాకా. బ్లీచ్ వద్దు, క్లోరిన్ స్టీలుని గుంటలు పడేలా తింటుంది. బాల్ వాల్వ్‌లు మూడు ముక్కలుగా విడిపోయే రకమైతే విప్పి కడగండి. దారాలు కోసినప్పటి నూనె అంతా లోపలే ఉంటుంది. రాగి చిల్లర్‌ని వెనిగర్ కలిపిన నీళ్ళలో ముంచి తీస్తే చాలు.

ఇప్పుడు బిగింపులు. దారాలున్న ప్రతిచోటా టెఫ్లాన్ టేప్ నాలుగు చుట్లు. దారం మొన మీవైపు ఉండేలా పట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కున చుట్టాలి. ఎదురు దిక్కున చుడితే బిగిస్తుంటే టేప్ ఊడి ముడుచుకుపోతుంది. ఎక్కువ కారేది ఇక్కడ కాదు. వెల్డింగ్ లేకుండా కెటిల్‌కి రంధ్రం చేసి బిగించే బల్క్‌హెడ్ దగ్గర. దాంట్లో సిలికాన్ ఓ-రింగ్ ఉంటుంది. కారుతోందని గట్టిగా బిగించే కొద్దీ రింగ్ పక్కకి జారి ఇంకా కారుతుంది. రంధ్రం అంచున చిన్న ఇనుప ముల్లు మిగిలినా రింగ్‌ని కోసేస్తుంది. వేలితో కాకుండా దూదితో తడిమి చూడండి, ముల్లుంటే దూది పట్టుకుంటుంది. ఆకురాయితో రాసి, రింగ్ సరిగ్గా కూర్చోబెట్టి, చేత్తో బిగించి, ఆపైన రెంచ్‌తో పావు మలుపు. అంతే.

బిగించాక చన్నీళ్ళు పోయండి. ఇక్కడ తొందరపడకండి, ఆ రోజు మొత్తంలో విలువైన గంట ఇదే. కెటిల్‌ని చదునైన చోట పెట్టి, వాల్వ్ మూసి, బకెట్‌తో తూచి 2 లీటర్లు పోయండి. వాల్వ్ తెరిచి దానంతట అది కారినంత కారనిచ్చి, బయటికొచ్చింది తూచండి. 2 కిలోలు పోస్తే అరకిలో వచ్చిందనుకుందాం. మిగిలిన లీటరున్నర డెడ్ స్పేస్. ప్రతి బ్యాచ్‌లోనూ మీకు రాని బీరు అది. కూలర్‌కీ ఇలాగే చూడండి, జల్లెడ అడుగున ఎంత నిలబడుతుందో. తర్వాత రెండేసి లీటర్లు పోస్తూ, ఒక చెక్క గరిటె కాడ నిలువుగా ముంచి, తడి ఎక్కడిదాకా వచ్చిందో గాటు పెట్టుకుంటూ పోండి. కెటిల్ లోపల కంపెనీవాళ్ళు గుద్దిన గీతలుంటాయి, నిజమే. ఒకసారి తూకంతో పోల్చి చూశాక నమ్మండి.

నిండిన గిన్నెని అలా అరగంట ఉంచి, ప్రతి జాయింట్ కిందా పొడి పేపర్ టవల్ చుట్టండి. చుక్క ఎక్కడ పడిందన్నది కాదు, ఎక్కడ పుట్టిందన్నది కావాలి. ఎలిమెంట్ దగ్గర కారిన నీరు గిన్నె ఒంటిని పట్టుకుని జారి వాల్వ్ కింద రాలుతుంది. మీరు వాల్వ్‌ని బిగిస్తూ కూర్చుంటారు. టవల్ ఎక్కడ ముందు తడిసిందో అదే దోషి.

చన్నీళ్ళకి నిలిచింది కదా అని వదిలెయ్యకండి. వేడికి లోహం సాగుతుంది, సిలికాన్ మెత్తబడుతుంది. పైగా వేడి గిన్నె మీద చిన్న చుక్క కారినా కంటికి కనబడకముందే ఆరిపోతుంది. చల్లారాక జాయింట్ కింద సన్నటి తెల్లటి చార కనిపిస్తే అది మన నీళ్ళలోని సున్నం. అక్కడ కారిందని రాతపూర్వక సాక్ష్యం.

కరెంటు. ఇక్కడ నా మాటల కన్నా లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్ మాట వినండి. 5500 వాట్లని 240 వోల్టులతో భాగిస్తే దాదాపు 23 ఆంపియర్లు. 30 ఆంపియర్ల బ్రేకర్, 10 గేజ్ తీగ, తప్పనిసరిగా జీఎఫ్‌సీఐ రక్షణ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు). డ్రయ్యర్ ప్లగ్ వాడుకుంటే అది నాలుగు రంధ్రాల 14-30 రకమై ఉండాలి. పాత ఇళ్ళలో ఉండే మూడు రంధ్రాలదానికి విడిగా గ్రౌండ్ తీగ ఉండదు. తడి చేతులతో చేసే పని ఇది, దాంతో వద్దు.

వరస ఇది. ముందు నీళ్ళు, ఎలిమెంట్ పూర్తిగా మునిగేలా. తర్వాత ప్లగ్. తర్వాత జీఎఫ్‌సీఐ టెస్ట్ బటన్ నొక్కి, టక్కున పడిపోతే, మళ్ళీ ఎత్తి, అప్పుడు హీటర్. నీళ్ళు లేకుండా ఎలిమెంట్ వెలిగితే కాలిపోవడానికి నిమిషం చాలు. ఇరవై నిమిషాలు నడిచాక ప్లగ్ మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే మామూలే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే లోపల కనెక్షన్ వదులుగా ఉంది. ఆపేసి బాగుచేయించండి.

ప్రొపేన్ బర్నర్ వాళ్ళకి: బయట మాత్రమే. గరాజ్ తలుపు తెరిచిపెట్టామంటారు, అది బయట కాదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. రెగ్యులేటర్ బిగింపుల మీద సబ్బునీళ్ళు రాసి బుడగలు చూడండి. సిలిండర్ వాల్వ్ మెల్లగా తిప్పండి. ఒక్కసారిగా తిప్పితే భద్రతా వాల్వ్ గ్యాస్‌ని కట్టేసి మంట పుల్లలా వస్తుంది, బర్నర్ పాడైందనుకుని తిరిగి పంపేస్తారు.

ఇప్పుడు గడియారం పట్టుకోండి. 32 లీటర్లని 25 డిగ్రీల నుంచి 73కి తేవడానికి 5500 వాట్లకి లెక్కప్రకారం 20 నిమిషాలు. 22 పట్టిందా, హాయి. అరగంట పట్టిందంటే మీకొచ్చేది 240 కాకపోవచ్చు, కొన్ని అపార్ట్‌మెంట్లలో 208 ఉంటుంది. అప్పుడు ఎలిమెంట్ ఇచ్చేది 4100 వాట్ల చిల్లర. గంట దాటిందంటే అది 120 మీద నడుస్తోందన్నమాట, నాలుగో వంతు బలంతో.

నీళ్ళు వేడెక్కుతుండగానే థర్మామీటర్ల సంగతి చూడండి. నలగ్గొట్టిన ఐసు మునిగేలా మాత్రమే నీళ్ళు పోసి కలిపితే సున్నా. మరుగుతున్న నీళ్ళలో ఎంతో ఊరిని బట్టి ఉంటుంది. ఫ్రిస్కోలో 99కి కాస్త అటూఇటూ, డెన్వర్‌లో 95. వంద రాలేదని థర్మామీటర్‌ని తిట్టకండి. గింజ నానబెట్టడానికి అసలు మనకి కావలసింది 65–68 మధ్య. కాబట్టి రెండు చివర్లూ సరిచూసుకున్న మంచి డిజిటల్ ప్రోబ్ ఒకటి తీసుకుని, కెటిల్‌కి బిగించిన డయల్‌ని 67 దగ్గర దాంతో పోల్చండి. కలపకుండా ఒకసారి, గరిటెతో బాగా కలిపి ఒకసారి. కలపని నీళ్ళలో పైకీ కిందకీ రెండు మూడు డిగ్రీల తేడా ఉండొచ్చు. ఆ తేడాని కంట్రోలర్ (వేడిని అదుపుచేసే పెట్టె) తప్పు అనుకుంటారు చాలామంది.

మ్యాష్ టన్‌కి స్ట్రైక్ నీళ్ళ (గింజని నానబెట్టే వేడినీళ్ళ) లెక్క మీకు తెలిసే ఉంటుంది. కిలో గింజకి 3 లీటర్లు, గింజ 20 డిగ్రీలు, కావలసింది 67 అయితే: 0.41 అనే స్థిరాంకాన్ని 3తో భాగించి, 67కీ 20కీ ఉన్న తేడా 47తో గుణిస్తే 6.4, దానికి 67 కలిపితే 73.4. ఈ లెక్కలో కూలర్ లేదు. కూలర్ గోడలూ వేడి తాగుతాయి. 15 లీటర్ల 73 డిగ్రీల నీళ్ళు ఖాళీ కూలర్లో పోసి, మూతపెట్టి, పది నిమిషాలకి చూడండి. 71 ఉంటే కూలర్ మింగింది రెండు డిగ్రీలు. స్ట్రైక్ నీళ్ళని ఆ రెండూ ఎక్కువ కాయాలి, లేదా కూలర్‌ని ముందే వేడినీళ్ళతో వెచ్చబెట్టుకోవాలి. అలాగే గంట ఉంచి మళ్ళీ చూడండి. ఒక డిగ్రీ పడితే మంచి కూలర్. మూడు పడితే మూత డొల్లది, పైన పాత దుప్పటి కప్పండి. జనవరిలో గరాజ్‌లో తీసిన అంకె ఆగస్టుకి పనికిరాదు, అది గుర్తుంచుకోండి.

పంపు గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ పంపు తప్పు కాదు. ఇవి నీళ్ళని తమంతట తాము పీల్చుకోలేవు. కెటిల్ వాల్వ్ కన్నా కిందే ఉండాలి. నీళ్ళు లోపలికొచ్చే మూతి కింద, బయటికెళ్ళే మూతి పైన ఉండేలా తల తిప్పి బిగిస్తే గాలి తనే పైకి పోతుంది. కెటిల్ వాల్వ్ తెరిచి, గొట్టంలో బుడగలు రావడం ఆగాక స్విచ్ వెయ్యండి. ధార తగ్గించాలంటే బయటికెళ్ళే వైపు వాల్వే తిప్పండి, లోపలికొచ్చేవైపు ముట్టుకోకండి. అటు బిగిస్తే పంపుకి నీళ్ళందక గులకరాళ్ళు గిలక్కొట్టిన చప్పుడు చేస్తుంది. మరిగే నీళ్ళతో ఈ గిలక మరీ త్వరగా మొదలవుతుంది, అందుకే పంపుని చల్లగా ఒకసారి, మరుగుతూ ఒకసారి, రెండుసార్లు పరీక్షించాలి. సిలికాన్ గొట్టం వేడికి మెత్తబడి ఎక్కడ మడత పడుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇక మరగబెట్టడం. 26 లీటర్లు తూచి పోసి, మూత తీసి, నిజమైన రోజు ఏ బలంతో మరగబెడతారో అదే బలంతో పూర్తిగా 60 నిమిషాలు. పావుగంట చూసి నాలుగుతో గుణించేవాళ్ళున్నారు, దయచేసి వద్దు. మరుగు అందుకున్నాక చూడండి, గరిటె మీద నీటిమట్టం గాటు 27 దగ్గరికొస్తుంది. నీళ్ళు పెరగలేదు, మరిగే వేడికి నాలుగు శాతం ఉబ్బాయి. ఈ నాలుగు శాతం మర్చిపోయి ‘లీటరు ఎక్కువుందే’ అని ఇంకాస్త మరిగించి, చల్లారాక తల పట్టుకోవడం కొత్తవాళ్ళలో మామూలు.

గంట తర్వాత ఆపి, చల్లారాక కొలవండి. 21 మిగిలితే గంటకి 5 లీటర్లు ఆవిరవుతోంది. 5500 వాట్లు మొత్తం ఆవిరి కిందే పోతే గంటకి 8.8 లీటర్లు, కాబట్టి 60 శాతం బలానికి 5 రావడం సబబే. ఈ అంకె చేతికొచ్చిందా, ఇప్పుడు వెనక్కి లెక్క కట్టండి. ఫెర్మెంటర్‌లోకి 19, డెడ్ స్పేస్ ఒకటిన్నర, హాప్స్ పీల్చేది ఓ అర, కలిపి 21. ఆవిరికి 5, మొత్తం 26. గింజ కిలోకి లీటరు చొప్పున 5 తాగుతుంది, కూలర్ అడుగున 1. పొద్దున్నే పట్టుకోవలసిన నీళ్ళు 32 లీటర్లు. రెసిపీలో గంటకి మూడున్నర అని రాసుంటే, మీకు 5 పోతుంటే, 21 లీటర్లు మిగలాల్సింది పందొమ్మిదిన్నరకి దిగి, వర్ట్ చిక్కదనం (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.050 రావలసింది 1.054 అవుతుంది. బీరు పాడవదు. కానీ మీరు చేయాలనుకున్న బీరు కాదు.

చిల్లర్‌ని గిన్నెలో దించే ముందు నేల మీద పాత పేపర్ పరిచి, దానిమీద పెట్టి, కుళాయి పూర్తిగా తిప్పండి. పది నిమిషాలు. క్లాంప్ దగ్గర ఒక్క చుక్క పడినా పేపర్ చెప్తుంది. అదే చుక్క బ్రూ రోజున చల్లారుతున్న వర్ట్‌లో పడితే కుళాయి నీళ్ళతోపాటు సూక్ష్మజీవులూ దిగుతాయి. అందుకే క్లాంప్‌లున్న కొసలు గిన్నె అంచు దాటి బయటికి వంగి ఉండాలి. మొదట బయటికొచ్చే నీళ్ళు చెయ్యి కాలేంత వేడి, ఆ గొట్టం పిల్లలున్న వైపు, పచ్చగడ్డి వైపు వదలకండి. బకెట్లో పట్టుకుంటే సామాను కడుక్కోవచ్చు.

మరిగిన నీళ్ళలో చిల్లర్ దించి, ఐదు నిమిషాలకోసారి వేడి రాసుకోండి. 100 నుంచి 60కి చకచకా పడుతుంది. 40 దాటాక నత్తనడక, ఎందుకంటే ఇక్కడ ఎండాకాలం కుళాయి నీళ్ళే 30 దగ్గరుంటాయి. ఎంతసేపు పట్టినా వర్ట్ కుళాయి కన్నా చల్లబడదు. ఈస్ట్ కోరేది 18–20. కాబట్టి 38 దగ్గర కుళాయి కట్టేసి, ఐసునీళ్ళ బకెట్లో చిన్న ఫౌంటెన్ పంపు వేసి అదే నీళ్ళని చిల్లర్లో తిప్పాలి. లెక్క ప్రకారం 4 కిలోల ఐసు చాలు. నష్టాలు కలుపుకుని 9 కిలోల సంచీ, అంటే 20 పౌండ్లది, తెచ్చుకోండి. ఈ ఏర్పాటు లేకుండా జులైలో మొదటి బ్రూ పెట్టుకునేవాళ్ళకి నీళ్ళ రోజే ఒక సలహా ఇస్తుంది: అక్టోబర్ దాకా ఆగమని.

చల్లారిన ఆ నీళ్ళు పారబొయ్యకండి. స్టార్ శాన్ (సూక్ష్మజీవుల్ని చంపే ద్రావణం) 5 గ్యాలన్లకి ఒక ఔన్స్, ఆ లెక్కన కలిపి పంపు, గొట్టాల గుండా ఫెర్మెంటర్‌లోకి నింపండి. రెండు పరీక్షలు ఒకే దెబ్బకి. మూత బిగించి, ఎయిర్‌లాక్ (లోపలి గాలిని బయటికి పోనిచ్చి, బయటి గాలిని రానివ్వని నీళ్ళ బిరడా) పెట్టి, మూతని మెల్లగా అదమండి. ఎయిర్‌లాక్ నీరు ఒకవైపు ఎక్కి అక్కడే నిలవాలి. వదలకముందే దిగిపోతే మూత అంచున గాలి పోతోంది. ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి, కంట్రోలర్ ప్రోబ్‌ని ఫెర్మెంటర్ గోడకి అంటించి, పైన స్పాంజి ముక్క కట్టి, రాత్రంతా 19 డిగ్రీల మీద వదలండి. ప్రోబ్‌ని గాల్లో వేలాడదీస్తే కంప్రెసర్ నిమిషానికోసారి ఆగి మొదలవుతుంది. కంప్రెసర్ మధ్య విరామం కనీసం 3 నిమిషాలు పెట్టండి.

నీళ్ళు చెప్పలేనివి కొన్ని ఉన్నాయి. నీళ్ళు పొంగవు, వర్ట్ పాలలా పొంగుతుంది. మరుగు మొదలయ్యే ఐదు నిమిషాలూ స్ప్రే సీసాలో చన్నీళ్ళు పట్టుకుని పక్కనే నిలబడండి. గింజ పరుపు బిగుసుకుని పంపుకి అడ్డం పడటం, హాప్స్ వాల్వ్‌లో ఇరుక్కోవడం, ఎలిమెంట్ మీద పిండి మాడటం, ఇవీ నీళ్ళతో తెలియవు. మొదటి బ్యాచ్‌కి గోధుమ ఎక్కువున్న రెసిపీ ఎంచుకోకండి, గోధుమకి పొట్టుండదు, పరుపు త్వరగా బిగుస్తుంది.

ప్రశ్నలు ఉన్నాయా?

కుళాయి నీళ్ళు అలాగే వాడొచ్చా అని అడుగుతున్నారు. పరీక్షకి వాడండి. బీరుకి వాడితే క్యాంప్డెన్ మాత్ర (క్లోరిన్‌ని పోగొట్టే సల్ఫైట్ మాత్ర) వెయ్యాలి, 20 గ్యాలన్లకి ఒకటి, మన 32 లీటర్లకి అర చాలు. ప్లేనో, ఫ్రిస్కో వైపు నీళ్ళలో క్లోరమైన్ ఉంటుంది, అది ఉత్త క్లోరిన్‌లాగా మరిగిస్తే సులువుగా పోదు. ఉండిపోతే బీరుకి మందుల షాపు వాసన వస్తుంది.

ఇంకొకరు, స్టవ్ మీద ఎక్స్‌ట్రాక్ట్ కిట్‌తో (ముందే తీసి చిక్కబరిచిన మాల్ట్ రసంతో) చేసేవాళ్ళకి ఇదంతా అవసరమా అంటున్నారు. ఒక్క పరీక్ష మాత్రం తప్పదు. మీ స్టవ్ మీద 25 లీటర్లు నిజంగా తెర్లుతాయా? మామూలు కాయిల్ స్టవ్ చాలావాటికి ఆ బలం ఉండదు, పక్కల్లో చిన్న బుడగలతో ఆగిపోతుంది. అలాగైతే 11 లీటర్లే మరిగించి, మిగతా నీళ్ళు ముందే కాచి చల్లార్చి ఫెర్మెంటర్లో కలపండి.

చివరిది, పరీక్ష అయ్యాక సామాను ఎలా భద్రం చెయ్యాలని. అన్నీ బోర్లించి ఆరబెట్టండి. పంపు తల విప్పి తుడవండి. బాల్ వాల్వ్‌ని మూసీ పెట్టకండి, పూర్తిగా తెరిచీ పెట్టకండి. రెండింటిలోనూ గుండుకీ ఒంటికీ మధ్య చెంచాడు నీళ్ళు ఇరుక్కుంటాయి, వారానికి కంపు కొడతాయి. పిడిని సగం దాకా తిప్పి వదిలితే ఆ నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. కింద ఒక గుడ్డ వెయ్యండి.